ప్లాటు కొనే ముందు, అల్లుడా

అల్లుడా, బదిలీ మీద అనంతపురం వస్తున్నావని, వచ్చీ రాగానే ప్లాటు కొనాలని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది నాకు. మేనమామను కాబట్టి నాలుగు మాటలు చెప్తా, విను. స్థలం చూసే ముందు ఊరి గుణం తెలుసుకో.

ఈ ఊరు చెరువు కట్ట మీద పుట్టింది. బుక్కరాయల కాలంలో, 1364లో, ఆయన మంత్రి చిక్కవొడయరు పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించి, దాని రెండు కొసల్లో రెండు ఊళ్లు కట్టించినాడని చెప్తారు. ఒకటి రాజు పేరుతో బుక్కరాయసముద్రం, ఇంకొకటి అనంతసాగరం. ఆ రెండోదే మన ఊరు. నీళ్లు నిలిపితే గానీ మనుషులు నిలవరని వాళ్లకు బాగా తెలుసు. నైరుతి మేఘాలను పడమటి కనుమలే పిండుకుంటాయి. తూర్పు సముద్రం చూస్తే చాలా దూరం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే మాకు మంచి ఏడే. అందులోనూ సెప్టెంబరు, అక్టోబరు వానలే ఎక్కువ.

అందుకని ఈ ఊరి మీద జాలిపడొద్దు నాయనా. కరువు జిల్లా అని బయటివాళ్లు నిట్టూరిస్తే ఇక్కడివాళ్లకు నచ్చదు. చెనిక్కాయ పంట పోయిన ఏడాది కూడా రైతు అప్పో సప్పో చేసి బిడ్డను ఈ ఊరి హాస్టల్లో చేర్చినాడు. 1916 నాటి ఆర్ట్స్ కాలేజీ, 1946లో మద్రాసు గిండీలో మొదలై తర్వాత ఇక్కడికి వచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ, ఆ తర్వాత శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, వీటి చుట్టూ ఊరు పెరిగింది. నీలం సంజీవరెడ్డిగారు చదువుకున్నది ఆ ఆర్ట్స్ కాలేజీలోనే.

పరాయివాణ్ణి ఈ ఊరు పనిని బట్టి కొలుస్తుంది. మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టించుకున్న స్పెయిన్ మనిషి విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చినాడు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండి ఎన్నో పల్లెలకు బళ్లు, ఇళ్లు, ఆసుపత్రులు తెచ్చినాడు. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఆయన ఫొటో దేవుళ్ల పక్కనే ఉంటుంది. నువ్వూ పని చేసి చూపించు, చాలు. ఇక్కడివాళ్ల మాట కాస్త గట్టిగా వినిపిస్తుంది, నొచ్చుకోవద్దు. పొద్దున ఉగ్గాని, బజ్జీ తినేచోట పక్కన కూర్చున్నవాడే నీ కష్టసుఖాలు అడుగుతాడు, దాచుకోకుండా చెప్పు.

ఇక ప్లాటు సంగతి. ఈ ఊరికి ఒక చెడ్డ గుణం ఉంది, నాకు చాలా బాధ కలిగించేది. వానలు రాని ఏళ్లలో వంక ఉన్న సంగతే మరిచిపోతుంది. ఎండిన వంక ఖాళీ జాగాలాగా కనిపిస్తుంది. మెల్లగా గట్టు చదునవుతుంది, రాళ్లు పాతుతారు, ప్లాట్లు వేస్తారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినాయి. రెండేళ్లకే, 2024 అక్టోబరులో, పండమేరు ఇళ్లమీదికి వచ్చింది. అలా మునిగినవాళ్లలో పల్లెలో బోరు ఎండిపోయి, సేద్యం వదిలి, కూలికి ఊరు చేరినవాళ్లున్నారు. కరువు తరిమితే వచ్చి, వరదలో చిక్కుకున్నారు. వాళ్లు అక్కడ కట్టుకున్నది చౌకగా దొరికింది అక్కడే కాబట్టి. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. జీతం వచ్చే నీకు మాత్రం చూసి కొనే వీలుంది.

కాబట్టి దళారి మాట విని సంతకం పెట్టొద్దు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే అమ్మకాలు తెలుస్తాయి గానీ నీళ్లు పోయే దారి తెలియదు. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) తీయించి, సర్వేయరును వెంటబెట్టుకుని పో. ప్లాటు సర్వే నంబరు పక్కన వంక పోరంబోకు గానీ, చెరువు లోతట్టు గానీ ఉందేమో చూడు. వీధిలో ముసలమ్మలను అడుగు, 2022లో నీళ్లు ఎంతవరకు వచ్చినాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఎండాకాలంలో చూసిన స్థలం వానాకాలంలో మళ్లీ చూడు. ఇంటి ప్లానులోనే ఇంకుడు గుంతకూ జాగా పెట్టుకో. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే రోజు ఈ ఊళ్లో ఎవరికైనా రావచ్చు.

దసరా సెలవుల్లో వస్తావు కదా. ఆ సర్వే నంబరు పట్టుకుని ఇద్దరం కలిసి ఆ చుట్టుపక్కలంతా నడిచి చూద్దాం. అంతవరకూ ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు, అల్లుడా.