పాలకుడు వినడం దయా, బాధ్యతా?

కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ ఉన్నాయి. వాటిలో ఆరోది ఇవాళ్టికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. తాను భోంచేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా సరే, ప్రజల సంగతులు ఎప్పటికప్పుడు తనకు చేరవేయాలని చక్రవర్తి అందులో ఆజ్ఞాపించాడు. పని మీద వచ్చినవాళ్లను వాకిట్లో నిలబెట్టవద్దని, రాజు దర్శనం కరువైతే చుట్టూ చేరినవాళ్లు అతనిచేత చేయరానివి చేయిస్తారని కౌటిల్యుడు హెచ్చరించాడు. జహంగీరు ఆగ్రా కోట నుంచి యమున ఒడ్డుదాకా కట్టించిన గొలుసుకు అరవై గంటలుండేవి; అన్యాయం జరిగినవాడు వచ్చి లాగొచ్చు. మంత్రుల ఎక్స్ ఖాతాలు, వాట్సాప్ నంబర్లు, 2014 జులైలో కేంద్రం మొదలుపెట్టిన మైగవ్ వేదిక ఆ వరసలోనివే. సాధనం మారింది, వేగం పెరిగింది. కానీ ఎప్పటినుంచో ఉన్న ధర్మసందేహం ఒకటి వీటి వెంటే వచ్చింది. వినడం పాలకుడి మంచితనమా, లేక పౌరుడికి అతను తీర్చవలసిన బాకీయా? మంచితనమైతే దండం పెట్టి ఊరుకోవాలి. బాకీ అయితే లెక్క అడగాలి. ప్రజాస్వామ్యంలో అది బాకీయేనని నా వాదన. అది తీరిందా లేదా అన్నది ప్రభుత్వం తన నిర్ణయానికి చెప్పే కారణాన్నిబట్టే తేలుతుంది.

దయ వల్ల మేలు జరగదని ఎవరూ అనరు. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్న 2014–19 మధ్య ట్వీట్లతోనే పాస్‌పోర్టు చిక్కులు విడిపోయాయి, గల్ఫ్‌లో ఇరుక్కున్నవాళ్లు ఇళ్లకు చేరారు. ఆ కుటుంబాలకు అది ప్రాణదానం. అయితే ట్వీటు పెట్టడం రాని కూలీ సంగతేమిటి? మంత్రి కంటపడ్డ ఫిర్యాదు తీరి, అదే కష్టం గురించి రాయబార కార్యాలయానికి చేరిన అర్జీ తీరకపోతే, మొదటివాడికి దక్కిందాన్ని హక్కు అనలేం, వరం అనాలి. వరం పొందినవాడు భక్తుడవుతాడు. రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి అని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది ఇందుకే. రోడ్డు మీద గుంత ఫొటో పెడితే, మర్నాటికల్లా పూడ్చిన ఫొటో పెట్టి వందల నమస్కారాలు అందుకునే శాఖ మంచి పనే చేసింది. ఆ రోడ్డుకు బిల్లు ఎంతయింది, ఏడాది తిరక్కుండానే ఎందుకు గుంత పడింది అని కిందే ఇంకొకరు అడుగుతారు. ఆ శాఖకు అసలు పరీక్ష ఆ రెండో ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టిన వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ను చూపి ఎవరైనా నన్ను నిలదీయవచ్చు. ధ్రువపత్రం కోసం ఆఫీసు మెట్లెక్కే పని, మధ్యవర్తి చేయి తడిపే పని తప్పితే అంతకంటే ఏం కావాలి అని. నిజమే, పేదవాడికి ఒక రోజు కూలి మిగలడం పెద్ద సంగతి. కానీ అది సేవ. ఏ పథకం ఉండాలి, ఎవరి భూమి తీసుకోవాలి, ఏ చట్టం రావాలి అన్న చోట పౌరుడి మాటకు విలువ ఉందా అన్నది వేరే సంగతి. మొదటిది బాగుందని రెండోది అడగడం మానేస్తే మనం వినియోగదారులుగా మిగిలిపోతాం.

ఆ రెండోది ఎలా ఉంటుందో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒకసారి చూపించింది. ఇంటర్నెట్‌లో కొన్ని సైట్లకు ఒక ధర, మిగతావాటికి ఒక ధర పెట్టవచ్చా అని 2015 డిసెంబర్‌లో నాలుగు ప్రశ్నలతో అభిప్రాయాలు కోరింది. ఫేస్‌బుక్ కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపే తన ఫ్రీ బేసిక్స్‌కు మద్దతుగా, ముందే రాసిపెట్టిన ఒకే నమూనా జవాబును తన వాడకందారులచేత లక్షల సంఖ్యలో పంపించింది. ఆ జవాబులు అడిగిన ప్రశ్నలనే తాకలేదు. సంప్రదింపును తలకాయల లెక్కగా మార్చవద్దని ట్రాయ్ ఆ సంస్థకు ఘాటుగా రాసింది. 2016 ఫిబ్రవరి 8న తేడా ధరలను నిషేధిస్తూ నిబంధనలు ఇచ్చినప్పుడు, వచ్చిన వాదనలేమిటో, వేటిని ఎందుకు ఒప్పుకోలేదో వివరణ పత్రం జతచేసింది. ఓడినవాళ్లు కూడా ఎందుకు ఓడారో చదువుకోగలిగారు. లైకులూ మెసేజీలూ కుప్పపోసి జనాభిప్రాయం ఇదేనని చెప్పే ఏ ప్రభుత్వానికైనా ఈ ఉదంతం గుర్తుచేయాలి.

దానికి ఎదురు ఉదాహరణా ఉంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ముసాయిదా నిబంధనలను 2025 జనవరి 3న విడుదల చేసి, కేంద్రం మైగవ్‌లో అభిప్రాయాలు అడిగింది. వచ్చినవాటిని ఎవరికీ చూపబోమని, నిబంధనలు ఖరారయ్యాక పేర్లు లేకుండా సారాంశం ఇస్తామని చెప్పింది. జనం భయం లేకుండా మాట్లాడటానికే ఈ ఏర్పాటు అన్నది. సామాన్యుడి పేరు దాచడం సబబే. కానీ ఒక పెద్ద కంపెనీ ఏం కోరిందో నిర్ణయానికి ముందే తెలియకపోతే దాన్ని ఖండించే అవకాశం నాకెక్కడ? అందరూ విడివిడిగా చెవిలో చెప్పుకుని వెళ్లడాన్ని చర్చ అనలేం.

లక్షలమందికి కారణాలు చెప్పడం సాధ్యమా, ఐదేళ్లకోసారి ఓటుతో లెక్క తేలుతోందిగా అని ఇంకో అభ్యంతరం. ఒక్కొక్కరికీ ఉత్తరం రాయమని ఎవరూ అడగడంలేదు. వాదనకొక జవాబు చాలు. ఇక ఓటు అన్నిటినీ కలిపి ఒకేసారి తీర్పు చెబుతుంది, ఫలానా నిబంధన ఎందుకు పెట్టారో ఓటరుకు చెప్పదు. పైగా ఇది చట్టంలో లేని కోరికేం కాదు. పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను వాటి ప్రభావం పడేవారికి తెలపాలని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) చెబుతోంది. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు జనం ముందుంచాలని కేంద్రం 2014 ఫిబ్రవరిలో తనకు తానే విధానం పెట్టుకుంది. ఏ భాషలో అన్నది మరో చిక్కు: పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం అనువాదం చేయించడానికి బదులు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. గని పక్క ఊరివాళ్లకు ఇంగ్లిష్ ముసాయిదా చూపించి వాళ్ల మాట విన్నామంటే ఎలా నమ్మాలి?

ఈసారి మీకు సంబంధించిన ముసాయిదా ఏదైనా వస్తే, లైకు కొట్టి వదిలేయకండి. ఏ నిబంధన ఎందుకు వద్దో నంబరుతో సహా తెలుగులో రాసి పంపండి. నిర్ణయం వెలువడ్డాక, మీ వాదనను ఎందుకు తోసిపుచ్చారో చెప్పమని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు.