బావకిచ్చిన బిళ్లలు

సంతబొమ్మాళి మండలం నౌపడా ఉప్పు మళ్లలో పనిచేసే ఒక పెద్దాయనకి గట్టు మీద కాలు జారి చీలమండ బెణికింది. మందుల షాపులో ఇచ్చిన నొప్పి బిళ్లలు మూడు రోజులు మింగాడు. వాపు తీసింది. మిగిలినవి దాచుకున్నాడు.

సంక్రాంతికి, ఏటా లాగే ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని, వజ్రపుకొత్తూరు వైపు చెల్లెలింటికి వెళ్లాడు. కొబ్బరితోటలో ఇల్లు. బావ అరుగు మీద కూచున్నాడు. రెండు కాళ్లూ పొంగి ఉన్నాయి. చెప్పు పట్టీ ఆనిన చోట గాడి పడింది.

“ఏటి బావా, ఈ కాళ్లేటి?”

“తోటలో తిరుగుడు ఎక్కువైపోనాది. పొద్దున్న లేస్తే మొహం కూడా ఉబ్బుతంది.”

“నా కాలికీ ఇలాగే వస్తే ఈ బిళ్లలకి తగ్గిపోనాది. నువ్వూ ఏసుకో.”

బావ వేసుకున్నాడు. మోకాళ్ల నొప్పి తేలికైంది. మందు మంచిదే అనుకుని, అయిపోయాక తనే కొనుక్కుని రోజూ మింగాడు. ఉగాది నాటికి వాపు పిక్కలెక్కింది.

చెల్లెలు ఫోన్ చేస్తే పెద్దాయన పరుగున వచ్చాడు. అప్పటికే ఆశా కార్యకర్త వచ్చి కూచుంది. బావ కాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీసింది. నొక్కిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. తడిసిన ఉప్పు మడిలో అడుగేస్తే మిగిలే గుంటలా ఉంది.

“రాత్రిళ్లు ఒంటేలుకి ఎన్నిసార్లు లేస్తన్నావు మావా?”

“నాలుగైదుసార్లు.”

బీపీ చూసింది. ఎక్కువగా ఉంది. మర్నాడే పలాస తీసుకెళ్లారు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిపోయింది. ఏ మందులు వాడావని డాక్టరు అడిగితే బావ జేబులోంచి బిళ్లల అట్ట తీశాడు. పెద్దాయన తల వంచుకున్నాడు.

నొప్పి బిళ్లలు ఆపించారు. బీపీకీ, ఒంట్లో చేరిన నీరు పోవడానికీ మందులిచ్చారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. పొటాషియం పెరిగిందని కొబ్బరినీళ్లూ మానమన్నారు. కొబ్బరితోట ఆసామికి అదొక శిక్ష! కాళ్ల వాపు తీసింది గాని, పాడైన కిడ్నీ మళ్లీ బాగవలేదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే పని.

తిరిగొస్తూ పెద్దాయన తనలో తాను అనుకున్నాడు: “చివరి మడిలో నీరు నిలిస్తే తోడుతూ కూచోం. పైన గండి ఎక్కడ పడిందో చూస్తాం. ఆ మాత్రం తెలివి మనిషి కాలు దగ్గర లేకపోయింది.”

మరుసటి సంక్రాంతికి ఆయన ఉప్పు మూట లేకుండా, ఉత్త చేతులతో వచ్చాడు. “ఇదే మంచిదన్నా” అంది చెల్లెలు.

నీతి: వాపు జబ్బు కాదు, జబ్బు పంపిన కబురు. ఒకరి కాలికి పనిచేసిన మందు ఇంకొకరి కిడ్నీకి విషం కావచ్చు.

రెండు కాళ్లూ పొంగితే గుండె, కాలేయం, కిడ్నీ మూడింటినీ అనుమానించాలి. కొన్ని బీపీ బిళ్లల వల్లా కాళ్లు వాస్తాయి. ఒక్క కాలే వాచి, మధ్యమధ్య జ్వరం వస్తుంటే బోదకాలేమో చూపించుకోవాలి. ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పెడితే రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వాపుతోపాటు ఆయాసం ఉంటే గంట కూడా ఆగకూడదు. గర్భిణికి మొహం, చేతులు ఉబ్బి తలనొప్పి ఉన్నా అంతే. ఎక్కువసేపు నిలబడినందుకు వచ్చిన వాపయితే, కాళ్లు దిండు మీద ఎత్తిపెట్టుకుంటే తీస్తుంది.

బావ ఊరున్న ఉద్దానం ప్రాంతం వాళ్లకి ఇంకొక మాట. ఇక్కడి కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. అది మొదట్లో ఏ గుర్తూ చూపదు, కాళ్లు పొంగేసరికి చాలా ఆలస్యమైపోతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కాళ్లు పొంగేదాకా ఆగకుండా, బాగున్నప్పుడే ఏడాదికోసారి రక్తం, ఒంటేలు పరీక్ష చేయించుకోండి. ఇంట్లో మిగిలిన నొప్పి బిళ్లలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.