చిలుకలోని ప్రాణము

కలకడలో బంధువుల యింట నొక వేసవిరాత్రి పిల్లలకు రష్యా జానపద కథలు చదివి వినిపించుచుంటిని. సోవియట్ దినములలో మాస్కోయందు తెలుగున ముద్రితములై వచ్చిన కథల పుస్తకములు మన యిండ్లలో నేటికిని గలవు. నాటి కథ కొషేయిది. వాని ప్రాణము సూదిమొనలో, సూది గ్రుడ్డులో, గ్రుడ్డు బాతులో, బాతు కుందేటిలో, కుందేలు పెట్టెలో, ఆ పెట్టె దూరపు దీవిలో నుండును. అవ్వ నవ్వి, "ఇది మన బాలనాగమ్మ కతే కదా నాయనా! ఆ ఫకీరు ప్రాణం చిలకలో ఉండ్లేదా?" అనెను.

అవ్వ మాట పండితులు నొప్పుకొన్నదే. అఫనాస్యేవ్ 1855–1863 నడుమ ప్రకటించిన రష్యా కథలలో కొషేయి కలడు. 1868లో మేరీ ఫ్రియర్ ప్రకటించిన దక్కను కథలలో ప్రాణమును చిలుకలో దాచిన మాంత్రికుడు కలడు. వాని చెఱలోని రాకొమార్తె పేరు బాల్నా. ఇంతటి పోలిక కనబడగానే "మనదే ముందు" అని గర్వించుట మనకు వాడుక. కాని పోలికవలని ఫలము గర్వము కాదు.

మఱియొక కథలో బాబా యగా వచ్చెను. కోడికాళ్లపై నిలిచిన గుడిసెలో నొంటరిగా నుండు ముసలిది, మనుష్యులను దినునది. "దిక్కులేని ముదుసలిని రాక్షసిని జేయుట యన్యాయము" అని పిల్లలకు బోధించితిని. వెంటనే యొక బాలిక, "మఱి మన కథలో చెడ్డవాడు ఫకీరే యెందుకయ్యెను?" అని యడిగెను. నాకు బదులు తోచలేదు. కొందఱు వానిని మాయల మరాఠీ యందురు. 1942 నాటి జెమినీ చలనచిత్రములోను ఆ పేరే. ఎవరి నోటనైనను దుష్టుడు పొరుగువాడే, పరమతస్థుడే!

పరుల కథలోని దోషము మనకు క్షణములో గానవచ్చినది. మన దోషమో, చిన్ననాట అమ్మ యొడిలో విన్నది గనుక దోషముగా దోపలేదు. మన దురభిమానమునకు సయితము ప్రాణము వేఱొకచోట, మనము వెదకని చోట, దాగియున్నది.

అట్లని కథను మానవలెనా? వలదు. వసిలీసా కథలో బాబా యగాయే నిప్పు నిచ్చి పంపును. కథలకు మారు శక్తి కలదు. బాలనాగమ్మ ధైర్యమును, బాలవర్ధి సాహసమును జెప్పుదము. చెప్పి, ఆ బాలిక వేసిన ప్రశ్నను గూడ పిల్లలయెదుట నుంచుదము.