ఏది మంగళం?



మన కల్లూరులో ఇప్పుడు చాలా ఇళ్ల ముందర బ్రహ్మకమలం కుండీ కనబడుతుంది. మీ ఇంట్లోనూ ఉండొచ్చు. పేరులో బ్రహ్మ ఉన్నాడు గానీ ఆ మొక్కకూ బ్రహ్మకూ ఏ సంబంధమూ లేదు. బ్రహ్మకమలమనే పేరు అసలు హిమాలయాల్లో పూసే వేరే మొక్కది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అది. మన కుండీల్లోది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లను పట్టుకొని బతికే కాక్టస్. మన చేలగట్ల మీది నాగజెముడుకు దూరపు చుట్టం. మనం ఆకు అనుకునేది దాని కాండమే. ఆ కాండం అంచున మొగ్గ తొడిగి, రాత్రి విచ్చుకొని, తెల్లారేసరికి వాలిపోతుంది. ఆ తెలుపు, ఆ వాసన రాత్రిపూట తిరిగే చిమ్మటలను పిలవడానికి.

మా ఇంట్లో ఆ మొక్క మూడేళ్లు పూయలేదు. "మీ ఇంట్లో దీపం లేదు, పూజ లేదు. ఎట్ల పూస్తాది?" అన్నాడు పక్కింటాయన. నవ్వుతూనే అన్నాడు. అయినా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ మాట మనకు కొత్త కాదు. భూమి లేదా? నీ రాత. చదువు లేదా? పోయిన జన్మ పాపం. తరతరాలుగా మనకు అప్పజెప్పిన లెక్క ఇదే. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ పూర్వజన్మ కర్మ లెక్కను ఒప్పుకోలేదు.

మరి మొక్క ఎందుకు పూయలేదు? తప్పు నాదే. మిద్దె మీద మన కర్నూలు ఎండలో పెట్టినాను. రోజూ నీళ్లు పోసినాను. నెలనెలా పేడ ఎరువు వేసినాను. అంతా ప్రేమతోనే! మొక్క పచ్చగా పెరిగింది, పువ్వు మాత్రం లేదు. మొక్కలమ్మే ఒక పెద్దాయన చెప్పినాక తీరు మార్చినాను. పొద్దుటి వెలుతురు తగిలి, మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టినాను. మట్టిలో ఇసుక, ఇటుక ముక్కలు, ఆకు ఎరువు కలిపినాను. పైమట్టి ఆరినాకే నీళ్లు. చలికాలంలో ఇంకా తక్కువ. ఎరువు ఎక్కువైతే కాండమే పెరుగుతుంది కాబట్టి అదీ తగ్గించినాను. కుండీ చిన్నదైందని పెద్దదానికి మార్చలేదు, వేర్లు కొంచెం ఇరుకుగా ఉంటేనే మేలు. మొగ్గ వేసినాక కుండీని కదిలించలేదు, మట్టిని ఎండనివ్వలేదు. మరుసటి వానాకాలం ఐదు మొగ్గలు వచ్చినాయి.

బుద్ధుడు చెప్పిన పటిచ్చ సముప్పాదం ఇదే కదా. కారణాలు కూడితే ఫలితం పుడుతుంది, కారణాలు పోతే ఫలితమూ పోతుంది. మొక్కను నేను పూయించలేదు, దేవుడూ పూయించలేదు. అడ్డు తీసి, అవసరమైనవి అందించినాను, అంతే. ప్రేమ ఒక్కటే చాలదు, తెలివిడి కూడా ఉండాలి. మన పిల్లల చదువు విషయంలోనూ ఇది గుర్తు పెట్టుకోండి.

అసలు సంగతి పూసిన రాత్రి జరిగింది. వీధిలో వాళ్లు పసుపు, కుంకుమ, టెంకాయ తీసుకొని వచ్చినారు. ఎన్నో ఏండ్లుగా మా గేటు దాటని ఆడవాళ్లు కూడా ఆ రాత్రి దాటినారు. మా అమ్మ సంబరంగా పళ్లెంలో నీళ్ల గ్లాసులు పెట్టుకొని వచ్చింది. పువ్వుకు దండాలు అందినాయి. గ్లాసులు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మీరైతే ఏం చేసేవారు? పూజ ఆపి అందరినీ పంపించేవారా? నాకూ ఆ కోపం వచ్చింది. అప్పుడు ఎర్రగుడి బండ గుర్తొచ్చింది. మన జిల్లాలోనే, గుత్తి–పత్తికొండ దారిలో, క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు అవి. వాటిలో 9వ శాసనం మంగళాల గురించే. రోగమొచ్చినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ప్రయాణమైనా జనం ఏవేవో మంగళాలు చేస్తారు. చేసుకోవచ్చు గానీ వాటి ఫలం కొంచెమే అంటాడు అశోకుడు. గొప్ప ఫలమిచ్చేది ధమ్మ మంగళం. దాంట్లో ముందు చెప్పింది దాసులతో, సేవకులతో సరిగా నడుచుకోవడం. అంటే మంగళమనేది మనిషి మనిషితో ఎట్లా ఉంటాడన్న దాంట్లో ఉంది.

అందుకే టెంకాయ కొట్టవద్దని నేను అనలేదు. "అక్కా, పువ్వును చూసినారు కదా, మా అమ్మ ఇచ్చిన నీళ్లు కూడా తాగండి" అన్నాను. ఒకామె తాగింది. ఇద్దరు ఉపవాసమని చెప్పి వెళ్లిపోయినారు. ఇంకొకామె తల దించుకుంది.

పువ్వు కోసం మూడేళ్లు కాచుకోవచ్చు. మనిషి మర్యాద కోసం కాచుకొని కూర్చోవద్దు, నోరు తెరిచి అడగండి. కులం కూడా కారణాల వల్ల పుట్టిందే. అది ఊరికే రాలిపోదు, దాని కారణాలను మనమే తీసేయాలి. అడగడం అందులో మొదటి పని.

ఈ వానాకాలం మీ ఇంట్లో బ్రహ్మకమలం పూస్తే ఇరుగుపొరుగును పిలవండి. అది ఏ దేశపు మొక్కో, ఎందుకు పూసిందో చెప్పండి. అడిగిన వాళ్లకు ఒక కొమ్మ తుంచి ఇవ్వండి, మట్టిలో గుచ్చితే బతుకుతుంది. కొమ్మతో పాటు నీళ్ల గ్లాసు కూడా అందించండి. వందన చివర మనం కోరుకునే మంగళం ఆ గ్లాసు దగ్గరే మొదలవుతుంది.

జై భీమ్.