ప్రకటనను దాటేయడం దొంగతనమా?

ఉచితంగా వచ్చే టీవీ కార్యక్రమంలో ప్రకటనలను దాటేసే ప్రేక్షకుడు ఎవరికైనా బాకీ పడుతున్నాడా అన్నది నీతిశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. 2002లో అమెరికాలో టర్నర్ బ్రాడ్‌కాస్టింగ్ అధిపతి జేమీ కెల్నర్ దీన్ని దొంగతనమనే అన్నారు. ప్రకటనలు చూడాలన్న ఒప్పందం మీదే కార్యక్రమం అందుతోందని ఆయన వాదన. మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లొస్తే మాత్రం కొంత సర్దుకుపోవచ్చన్నారు.

ఆ సడలింపులోనే వాదన లొసుగు బయటపడుతుంది. ఒప్పందానికి ఇరుపక్షాల సమ్మతి కావాలి. టీవీ పెట్టినవాడు ప్రకటనలన్నీ కళ్లప్పగించి చూస్తానని మాట ఇవ్వలేదు. విరామంలో వంటింట్లోకి వెళ్లినా, మ్యూట్ నొక్కినా, రిమోట్‌తో ముందుకు జరిపినా ఫలితం ఒకటే. 2012లో అమెరికా శాటిలైట్ టీవీ సంస్థ డిష్ తెచ్చిన ఆటోహాప్ అనే సదుపాయం, రికార్డయిన కార్యక్రమాల్లో ప్రకటనలను దానంతటదే దాటించేది. దీనిపై టీవీ నెట్‌వర్క్ ఫాక్స్ కోర్టుకెక్కింది. ప్రకటనలపై ఫాక్స్‌కు కాపీరైట్ లేదు కనుక వాటిని దాటేయడం ఉల్లంఘన కాదని 2013లో అప్పీలు కోర్టు అభిప్రాయపడింది.

చట్టం తప్పు పట్టనంత మాత్రాన ధర్మసందేహం తీరదు. దేవతలిచ్చిన భోగాలను అనుభవించి, వారికి తిరిగి ఏమీ సమర్పించనివాడు దొంగేనని భగవద్గీత మూడో అధ్యాయం చెబుతుంది. అందరూ అదే పని చేస్తే ఏమవుతుందని తత్వవేత్త కాంట్ అడుగుతాడు. అందరూ దాటేస్తే ఉచిత టీవీయే ఉండదు. అయితే ఇక్కడ ఇచ్చేవాడు దాత కాదు, వర్తకుడు. ప్రకటనదారుకు అమ్ముడుపోయే సరుకు ప్రేక్షకులేనని 1977లో మీడియా పరిశోధకుడు డల్లస్ స్మైత్ వాదించాడు. తన ధ్యాసను తాను అట్టిపెట్టుకున్నవాడిని దొంగ అనలేం.

పరిశ్రమ నీతిబోధ మాని సాంకేతికతను నమ్ముకుంది. ఉచిత స్ట్రీమింగ్ సేవలు ప్రకటనలను సర్వర్ దగ్గరే కార్యక్రమంలో కలిపి పంపిస్తున్నాయి. దాటే మీట ఉండదు. మరోవైపు యూట్యూబ్ 2010లో తెచ్చిన పద్ధతిలో ఐదు సెకన్ల తర్వాత ప్రకటనను దాటవచ్చు. అలా వెంటనే దాటేస్తే ప్రకటనదారు డబ్బు కట్టనక్కర్లేదన్నది అప్పటి నియమం. నెట్‌ఫ్లిక్స్ 2022లో ప్రకటనలు చూసేవారికి తక్కువ ధర పెట్టింది. ప్రకటనల బెడద లేకపోవడం ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కునే సౌకర్యమైంది.

కాబట్టి దాటేయడం దొంగతనం కాదు. ఉచిత సేవ నిలవాలని కోరేవారు కొన్ని ప్రకటనలు చూడటం న్యాయం. అవి ఓపికకు మించకుండా చూడటం పరిశ్రమ బాధ్యత.