బిడ్డ చేతి పని ఎవరిది?

విద్య ఎక్కడ లభిస్తుందని అడిగితే బడిలో అని చెప్పడం లోకరూఢి. కాని బిడ్డకు మాట నేర్పినది బడి కాదు. తల్లిభాషవంటి మహావిద్యను ప్రతి బిడ్డా పుస్తకం లేకుండా, పరీక్ష లేకుండా, ఇంటివారి నడుమ తిరుగుతూనే సాధిస్తున్నది. ఈ సత్యాన్ని ఆధారంగా చేసుకొని కొందరు తల్లిదండ్రులు తమ బిడ్డలను బడికి పంపక, ఇంటనే ఉంచి, నిత్యజీవితంలోని పనుల ద్వారా చదువు చెప్పుకొంటున్నారు. వంట, తోట, తూకం, జమాఖర్చు, మరమ్మతు, ఇవే వారి పాఠాలు. అమెరికాలో జాన్ హోల్ట్ అనే విద్యావేత్త 1977లో ఇట్టి కుటుంబాల కొరకు ఒక పత్రికనే ప్రారంభించినాడు. మన దేశంలో 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకు బడిని హక్కుగా ఇచ్చినది. ఇంటి చదువును గూర్చి ప్రత్యేకంగా చెప్పలేదు. అట్లు ఇంట చదివినవారు 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పరీక్షలు వ్రాసుకొనే వీలున్నది.

ఈ పద్ధతి మేలా, కీడా అని తీర్పు చెప్పకముందు తేల్చుకొనవలసిన ధర్మసూక్ష్మం ఒకటి ఉన్నది. బిడ్డ ఇంటిలో పని చేస్తున్నది. అది చదువా, చాకిరీయా? చూచేవారి కంటికి రెండూ ఒకే రీతిగా ఉంటాయి. అవే చిన్న చేతులు, అదే పని. తల్లిదండ్రుల ప్రేమ ఒక్కటే ఈ భేదాన్ని నిర్ణయించజాలదు. ప్రేమ నిండిన ఇంట కూడా చాకిరీ ఉండవచ్చును.

ఈ విచారణకు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తగిన చోటు. వజ్రపుకొత్తూరు చుట్టుప్రక్కల కొబ్బరి, జీడిమామిడి, పనసతోటలు, తూర్పున సముద్రం, ఒడ్డున నువ్వలరేవు, మంచినీళ్లపేటవంటి మత్స్యకార గ్రామాలు. ఉద్యానమనే మాటయే ఉద్దానమైనదని చెప్పుకొంటారు. ఇట్టి సీమలో ఇంటి పనిలో ఎంత విద్య ఇమిడి ఉన్నదో చూడవచ్చును. కొబ్బరిపీచుతో తాడు పేనడం నేర్చుకొనే బిడ్డ మొదట రెండు పురులను ఒకే దిక్కునకు మెలిపెడుతుంది. పిదప ఆ రెంటిని కలిపి ఎదురు దిక్కునకు పేనుతుంది. ప్రతి పురి తన మెలిక విప్పుకొనాలని చేసే ప్రయత్నమే తాడును బిగిస్తుంది. ఎదురెదురు బలాలు ఒకదానినొకటి నిలబెట్టుతాయన్న ఈ సూత్రం పుస్తకంలో చదివితే ఒక వాక్యం. వ్రేళ్ల నడుమ తెలిసికొంటే అది జన్మంతా మరవరానిది.

జీడిపప్పు తూకం మరియొక పాఠశాల. వర్తకంలో 320 రకమంటే ఒక పౌనుకు, అనగా 454 గ్రాములకు, 300 నుండి 320 వరకు గుండు పప్పులు తూగడం. 240 రకానికి 220 నుండి 240 వరకు తూగుతాయి. అంకె తగ్గినకొద్దీ పప్పు పెద్దది, ధర హెచ్చు. అంకె పెరిగితే విలువ పెరుగుతుందని నమ్మిన బిడ్డకు ఇక్కడ లెక్క తలక్రిందులవుతుంది. ఎందుకని అడుగుతుంది. ఆ ప్రశ్నతోనే విలోమానుపాతమనే గణితపాఠం మొదలవుతుంది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసి చెప్పవలసినదానిని త్రాసు చెప్పినది.

అయితే అదే జీడిపిక్కకు మరియొక ముఖం కలదు. పలాసలో జీడిపిక్కలను వేడిచేసి, చిప్ప పగులగొట్టి, పప్పు తీసి, పొర ఒలిచే పరిశ్రమ పెద్దది. చిప్పలో ఉండే జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. అందుచేతనే 1986 నాటి బాలకార్మిక చట్టం క్రింద బిడ్డలకు నిషేధించిన పనులలో జీడిపిక్కల పనిని కూడా చేర్చినారు. 2016లో ఆ చట్టాన్ని సవరించి, పదునాలుగేండ్లలోపు బిడ్డలను ఏ పనిలోనూ పెట్టరాదన్నారు. ప్రమాదం లేని కుటుంబవృత్తిలో బడివేళల తరువాత, సెలవులలో ఇంటివారికి సాయపడడానికి మాత్రం మినహాయింపు ఇచ్చినారు. చట్టం వయస్సును, వేళను, ప్రమాదాన్ని చూచి గీత గీసినది. గీత గీయడం దాని విధి. ధర్మవిచారం అంతటితో ఆగరాదు.

బిడ్డ పనిలో తప్పు చేసినదనుకొందాం. గుండు పప్పులలో బద్దలు కలిపినది. పేనిన తాడు వదులైనది. ఇంట తల్లి దానిని విప్పి, మరల చూపుతుంది. ఆనాటి పని ఆలస్యమైనది, కొంత సరుకు చెడినది. ఆ నష్టం తల్లిది. కాని విరిగిన పప్పునకు కూలి తగ్గించే చోట నష్టం బిడ్డది. అక్కడ అది నేర్చుకొనేది ఒక్కటే: తప్పు చేయకుండా ఉండడం, అనగా తెలిసినదానినే మరల మరల చేయడం. క్రొత్తగా చేసి చూడడం అక్కడ నేరం. ప్రశ్న అడగడం కాలహరణం. కనుక చదువునకు, చాకిరీకి గురుతు ఇది: బిడ్డ చేసిన తప్పునకు వెల ఎవరు చెల్లిస్తున్నారు? పెద్దలు చెల్లిస్తే అది విద్య. బిడ్డ చెల్లిస్తే అది చాకిరీ, ఇంటనైనా సరే, కూలి డబ్బు చేతికి రాకపోయినా సరే.

ఈ భేదాన్ని పెద్దలు పూర్వమే గుర్తించినారు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యాసభ చేతిపని ద్వారా చదువు చెప్పే పద్ధతిని ప్రతిపాదించినది. బిడ్డలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు గడవాలన్న ఆలోచనకు ఆ సభలోనే ఆక్షేపణలు వచ్చినవి. ఆ పిదప జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం చేతిపనిని సమర్థిస్తూనే, ఆదాయంపై దృష్టి పెరిగి విద్యాలక్ష్యం మరుగున పడే ప్రమాదం కలదని హెచ్చరించినది. రాట్నం ముందు కూర్చున్న బిడ్డ నూలు కొరకు కూర్చున్నదా, విద్య కొరకు కూర్చున్నదా అన్నదే ఆ హెచ్చరికలోని సారం.

శివశరణులు చాటిన కాయకాన్ని తలచుకొంటే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. పన్నెండవ శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుని చుట్టూ చేరినవారిలో తాడు పేనే నులియ చందయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, బట్టలుతికే మడివాళ మాచయ్య, బుట్టలల్లే మేదర కేతయ్య ఉన్నారు. చేతిపనిని హీనంగా చూచే లోకంలో వారు పనినే పూజగా నిలిపినారు. దీనిని ఆధారం చేసుకొని బిడ్డను ఎంత త్వరగా పనిలో పెడితే అంత పుణ్యమని తలచేవారు రెండు సంగతులు మరువరాదు. మొదటిది, ఆయ్దక్కి లక్కమ్మ కథ. నేలరాలిన బియ్యం ఏరి జీవించే మారయ్య ఒకనాడు ఎన్నడూ తేనంత తెచ్చినాడు. ఆమె సంతోషించలేదు. అవసరానికి మించినదానిని తిరిగి అచటనే పోసి రమ్మని పంపినది. ఆశ ప్రవేశించిన క్షణాన కాయకం కాయకం కాకుండా పోతుంది. బిడ్డ చేతి పనిలోనికి పెద్దల ఆశ ప్రవేశించినా అంతే. రెండవది, ఆ శరణులు పనితో ఆగలేదు. అనుభవ మంటపానికి వచ్చినారు. అచట తాడు పేనేవాడు పడవవాని మాట విన్నాడు. తాము చేసినదానిని గూర్చి ఆలోచించి, ప్రశ్నించి, పలికినారు. మాట లేని పని చేతికి అలవాటు మాత్రమే అవుతుంది, బుద్ధికి వెలుగు కాదు.

ఇంటి చదువుకు గల పెద్ద లోపం ఇక్కడనే ఉన్నది. ఏ ఇంటికైనా తెలిసినవి కొన్ని పనులే. మన దేశంలో ఇంటి పని అంటే చిరకాలంగా కులవృత్తి. 1953లో రాజగోపాలాచారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మద్రాసు రాష్ట్రంలో గ్రామీణ పాఠశాలల వేళలు తగ్గించి, మిగిలిన సమయంలో బిడ్డలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకొనాలన్న పథకం తెచ్చినారు. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం జిల్లా కూడా ఆ రాష్ట్రంలోనిదే. పని ద్వారా విద్య అన్న మాట వినుటకు ఇంపైనదే. కాని మంగలి బిడ్డ మంగలిగానే, చాకలి బిడ్డ చాకలిగానే ఉండిపోవలెనా అని తమిళనాట గొప్ప ఆందోళన లేచినది. దానిని కులవిద్య అన్నారు. 1954లో కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దుచేసినది. తప్పు పనిలో లేదు. ఆ పనినుండి బయటికి పోయే త్రోవ మూసివేయడంలో ఉన్నది. బిడ్డ వదలిపోగలిగిన పనియే బిడ్డకు విద్య. కనుక ఇంట చదువు చెప్పదలచినవారు తమ గడప దాటించి బిడ్డను ఇతరుల వృత్తుల వద్దకు, గ్రంథాలయానికి, పరాయి కులాల బిడ్డల చెలిమికి తీసికొనిపోవలెను. అది చేయలేనివారికి బడియే మేలు. బడికి పంపినవారు కూడా సాయంవేళ తాడును, త్రాసును బిడ్డకు దూరం చేయనవసరం లేదు.

ఇంతవరకు చెప్పినదానికి పేదవాని ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. బిడ్డ తప్పునకు వెల చెల్లించే స్తోమత ఎవరికున్నది? 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేరులతో కూలినవి. కొబ్బరి మొక్క నాటితే కాపునకు ఐదారేండ్లు పట్టును. ఆ ఏండ్లు ఇల్లు ఎట్లు గడవవలెను? ఆ సీమలోనే దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి ఎందరో ఇంటి యజమానులను మంచాన పడవేసినది. దాని మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండవ్యాధుల పరిశోధనాకేంద్రం ప్రారంభమైనవి. చికిత్స దగ్గరైనది, పడిపోయిన సంపాదన తిరిగి రాలేదు. తండ్రి మంచాన ఉన్న ఇంట పదేండ్ల బిడ్డ పనికి పోతే దానిని నిత్యజీవిత విద్య అని పొగడడం క్రూరం. ఆ తల్లిని నిందించడం అంతకంటె క్రూరం.

ఆ ఇంటి నష్టాన్ని ఎవరో ఒకరు మోయవలెను. తల్లి మోయజాలనప్పుడు బిడ్డ మోస్తుంది. బిడ్డ మోయరాదంటే సమాజం మోయవలెను. కాయకానికి జతగా శరణులు దాసోహాన్ని చెప్పినది ఇందుకే. తుమకూరు సిద్ధగంగా మఠంలో కులమత భేదం లేకుండా వేలాది బిడ్డలకు అన్నం, వసతి, చదువు ఉచితంగా లభిస్తున్నవి. 2019లో లింగైక్యం చెందిన శివకుమార స్వాములవారు జీవితమంతా నడిపినది ఆ మార్గమే. అట్టి పెద్ద మఠం అన్నిచోట్ల ఉండదు. కాని ఒక ఊరిలో ఒక ఇల్లు, ఒక మఠం, ఒక బిడ్డ బడికాలపు బియ్యం భారం వహించగలవు. అప్పుడు ఆ బిడ్డ సాయంవేళ తల్లిప్రక్క కూర్చొని తాడు పేనినా, అది వదులుగా వచ్చినా, ఆ రాత్రి పొయ్యి వెలుగుతుంది. బిడ్డకు తప్పు చేసే తీరిక దొరుకుతుంది. ఆ తీరికను తమ బిడ్డకే గాక పొరుగు బిడ్డకు కూడా కల్పించగలిగినవారే ఇంటి చదువును గూర్చి మాట్లాడుటకు అర్హులు.