ఎక్కడ కాపురముండవలెను?



గల్ఫ్ దేశములనుండి తిరిగివచ్చు మన సోలాపూర్ కుటుంబములను ఒక ప్రశ్న వేధించుచున్నది. మగ్గాల పేటలోనే ఉండవలెనా? తాతల ఊరికి, కరీంనగర్ వైపు పోవలెనా? హైదరాబాదులో ప్లాటు కొనవలెనా?

ఆదికాండము 13వ అధ్యాయములో లోతు నీళ్లుపారు యొర్దాను మైదానమును చూచి కోరుకొనెను. పచ్చదనమును చూచెనే గాని పొరుగువారు ఎట్టివారో చూడలేదు. అబ్రాహాము హెబ్రోనులో దిగి, మొదట బలిపీఠము కట్టెను.

నయోమి మోయాబునుండి వట్టిచేతులతో వచ్చెను. అయినను బేత్లెహేములో ఆమెను గుర్తుపట్టిన స్త్రీలుండిరి. కోడలు రూతుకు యవల కోతలో పరిగె దొరికెను. పలుకరించు మనిషి, చేతికి పని: ఈ రెండును ఉన్న చోటే ఊరు.

మన పెద్దలు తెలంగాణ పల్లెలు విడిచివచ్చి ఇక్కడ చద్దరులు నేసి మనలను పెంచిరి. ఆ ఋణము మరువరాదు. అయితే మన మమకారముకొరకు పిల్లలను మగ్గమునకు కట్టివేయరాదు.

కాబట్టి అడ్వాన్సు ఇయ్యకమునుపు కుటుంబమంతయు కూర్చుండి ప్రార్థించుడి. పిల్లల చదువును యోచించుడి: బడులలో తెలంగాణ 2018 చట్టము తెలుగును, మహారాష్ట్ర 2020 చట్టము మరాఠీని తప్పనిసరి చేసెను. ముసలి తల్లిదండ్రులను ఎవరు చూతురో, ఆదివారము ఏ సంఘములో కూడుదుమో అడుగుడి. వీలైతే కొన్నాళ్లు అద్దెకుండి చూడుడి.

మనము ఎక్కడ దిగినను మన ఇంట బలిపీఠము ఉండునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.